సరౌండ్ వ్యూ కెమెరా వ్యవస్థ (భారీ వాహనాలు)

సరౌండ్ వ్యూ కెమెరా వ్యవస్థ అనగా వాహనము చుట్టూ నాలుగు లేక అంతకు మించిన కెమెరాలను అమర్చి, వాటి దృశ్యాలను కలిపి, పైనుండి పక్షి చూచినట్లుగా వాహనమును, దాని పరిసరాలను ఒకే చిత్రముగా డ్రైవరు ముందున్న తెరపై చూపు సాధనము. లారీ వాడుకలో దీనిని 360 కెమెరా అందురు. మొదట ఖరీదైన కార్లలో వచ్చిన ఈ సాధనము క్రమముగా లారీలు, టిప్పర్లు, ట్రెయిలర్లు, బస్సులలోనికి ప్రవేశించినది. భారీ వాహనాలలో దీనిని సురక్షితముగా అమర్చుట, వాడుట గురించి, ముఖ్యముగా ఉప్పుగాలి వీచు నెల్లూరు తీరప్రాంతపు పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని, ఈ వ్యాసము వివరించును.

తెరపై కనబడునది ఏ ఒక్క కెమెరా తీసిన దృశ్యమూ కాదు. నాలుగు దృశ్యాలను సాగదీసి, కత్తిరించి, అతికి కంప్యూటరు కూర్చిన చిత్రము. అతుకులున్నచోట మనిషి కనబడకపోవచ్చును. ఈ విషయము తెలియని డ్రైవరు తెర ఖాళీగా ఉన్నది కనుక నేల కూడా ఖాళీగా ఉన్నదని భావించు ప్రమాదమున్నది.

కనుమరుగు ప్రదేశాలు

డ్రైవరు తన సీటులో కూర్చుండి నేరుగా గాని, అద్దాల ద్వారా గాని చూడలేని చోటును బ్లైండ్ స్పాట్ లేక కనుమరుగు ప్రదేశము అందురు. కారులో ఇది స్వల్పము, లారీలో చాలా ఎక్కువ. ఒక ఉదాహరణ తీసికొనవచ్చును. డ్రైవరు కన్ను నేలకు 2.5 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొనుడు. ముందు అద్దపు క్రింది అంచు కంటికి 0.9 మీటరు ముందు, నేలకు 1.7 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొనుడు. సరూప త్రిభుజాల లెక్క ప్రకారము కంటికి 2.8 మీటర్ల దూరము వరకు నేల అతనికి కనబడదు. ఒక మీటరు ఎత్తున్న బాలుడు కంటికి 1.7 మీటర్లలోపు నిలిచినచో తల కూడా కనబడదు. లారీ ముందుభాగము కంటికి ఒక మీటరు ముందుండును కనుక, బంపరుకు సుమారు 70 సెంటీమీటర్ల లోపల నిలిచిన బాలుడు డ్రైవరు దృష్టిలో లేనట్లే.

భారతదేశములో స్టీరింగు కుడివైపున ఉండుటచే ఎడమవైపు చూపు మరీ తక్కువ. లారీవారు దీనిని క్లీనరు సైడు అందురు. సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు చొరబడునది సాధారణముగా ఈ వైపే. ఇక వెనుకభాగము సంగతి చెప్పనవసరము లేదు. కంటెయినరు లేక పట్ట కట్టిన బాడీ ఉన్న లారీకి వెనుకనున్న మనిషి అద్దములలో కనబడడు. 2022లో దేశములో రోడ్డు ప్రమాదాల వలన 1,68,491 మంది మరణించగా, అందులో 44.5 శాతము ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారు, సుమారు అయిదవ వంతు పాదచారులు. వీరందరూ లారీల క్రిందపడి మరణించినవారు కారు. అయినను లారీ కనుమరుగు ప్రదేశములలో చిక్కుకొనువారు ముఖ్యముగా ఈ రెండు వర్గాలవారే.

ఈ లోటును ఇంతకాలము పూరించినది క్లీనరు. బండి వెనుక మూలన నిలిచి "రానీ, రానీ" అని అరచుట, బాడీపై అరచేతితో చరచి ఆపుట అతని పని. 2025 అక్టోబరు 1 తరువాత తయారైన మధ్యతరహా, భారీ లారీలలో ఎయిర్ కండిషన్ క్యాబిన్ తప్పనిసరి అయినది. డ్రైవరు ఆరోగ్యమునకు ఇది ఎంతో మేలు. కాని అద్దములు మూసియున్న క్యాబిన్‌లోనికి బయటి కేక పూర్వమంత స్పష్టముగా చేరదు. కెమెరా అవసరము పెరుగుటకు ఇదియు ఒక కారణమని చెప్పవచ్చును.

చరిత్ర

1956లో బ్యూక్ సెంచూరియన్ అను ప్రదర్శన కారులో అద్దమునకు బదులు వెనుక టెలివిజన్ కెమెరా అమర్చిరి. అమ్మకానికి వచ్చిన కార్లలో వెనుక కెమెరా 1991లో జపాన్‌లో టయోటా సోరర్‌లో కనబడినది. నాలుగు కెమెరాల చిత్రాన్ని ఒకటిగా కూర్చు పద్ధతిని నిస్సాన్ సంస్థ 2007లో ఎరౌండ్ వ్యూ మానిటర్ అను పేరుతో ప్రవేశపెట్టినది. అమెరికాలో 2018 మే నుండి తేలికపాటి కొత్త వాహనాలన్నింటికి వెనుక కెమెరా తప్పనిసరి. 2018లో ఆవిష్కరించిన మెర్సిడెస్ బెంజ్ ఆక్ట్రోస్ లారీలో పక్క అద్దములకు మారుగా కెమెరాలను వాడిరి. ఇది సరౌండ్ వ్యూ వంటిది కాదు, రెండింటికి తేడా ఉన్నది. అద్దమునకు బదులు వచ్చిన కెమెరా దూరమును చూపును, సరౌండ్ వ్యూ వాహనమునకు ఆనుకొనియున్న కొద్ది మీటర్లను మాత్రమే చూపును.

పనిచేయు విధానము

సాధారణ లారీకి ముందు, వెనుక, కుడి, ఎడమలకు ఒక్కొక్క కెమెరా చొప్పున నాలుగు అమర్చుదురు. పొడవైన బండ్లకు ఆరు కూడా అవసరపడును. ఒక్కొక్కటి సుమారు 180 డిగ్రీల మేర చూడగల ఫిష్ ఐ కటకము కలది. ఇటువంటి కటకము గుండా సరళరేఖలు విల్లువలె వంగి కనబడును. నియంత్రణ పెట్టె ఆ వంపును సరిచేసి, ప్రతి బిందువు నేలపై ఎక్కడ ఉన్నదో లెక్కించి, పైనుండి చూచినట్లు పరచును. మధ్యలో కనబడు లారీ బొమ్మ కెమెరా చూచినది కాదు, ముందే గీసి ఉంచినది.

ఈ లెక్క అంతయు ఒక ఊహపై ఆధారపడినది. అదేమనగా, కెమెరాకు కనబడు ప్రతి వస్తువు చదునైన నేలపై పరచుకొని ఉన్నదని. నేలపై గీచిన తెల్లగీతకు ఈ ఊహ సరిపోవును, నిలుచున్న మనిషికి సరిపోదు. 2 మీటర్ల ఎత్తున ఉన్న కెమెరాకు ఒక మీటరు దూరమున 1.6 మీటర్ల మనిషి నిలిచినచో, అతని పాదములు తెరపై సరిగా ఒక మీటరు దూరముననే కనబడును, తల మాత్రము అయిదు మీటర్ల దూరమున ఉన్నట్లు సాగిపోవును. కెమెరా కంటె ఎత్తున ఉన్న కొమ్మ, కరెంటు తీగ, కన్వేయరు దూలము పైచూపు చిత్రములో తమ స్థానములో కనబడవు. కావున పైచూపు తెరపై దూరము తెలిసికొనుటకు మనిషి పాదములను చూడవలెనే గాని ఆకారమును కాదు. ఎత్తు తెలిసికొనుటకు ఆ చిత్రము అసలు పనికిరాదు.

అతుకు సమస్య ఇంతకంటె చిక్కైనది. రెండు పక్క పక్క కెమెరాల చూపు బండి నాలుగు మూలలలో కలియును. మూలన నిలిచిన మనిషిని వెనుక కెమెరా ఒక దిక్కుకు, పక్క కెమెరా మరొక దిక్కుకు సాగదీయును. కంప్యూటరు అతుకు గీతకు ఇవతల ఒక దృశ్యమును, అవతల మరొక దృశ్యమును వాడును. మనిషి సరిగ్గా ఆ గీతపై ఉన్నచో ఒక్కొక్కప్పుడు ఇద్దరుగా కనబడును, ఒక్కొక్కప్పుడు పాదములు తప్ప మిగిలిన శరీరము మాయమగును. ఇప్పటి వ్యవస్థలలో రెండు దృశ్యములను కలగలుపుట, అతుకును అవసరమును బట్టి జరుపుట వంటి ఉపాయాలు ఉన్నవి. వాటి వలన సమస్య తగ్గినది గాని తొలగలేదు.

క్లీనరు అలవాటుగా నిలుచునది బండి వెనుక మూలనే. అద్దములో డ్రైవరుకు కనబడుటకు అదే సరియైన చోటు. అద్దముల కాలములో అతనిని కాపాడిన ఆ చోటు కెమెరా చిత్రములో అతుకు పడు చోటు. అందుచే 360 కెమెరా పెట్టిన బండికి క్లీనరు నిలుచు స్థలమును కూడా మరల నిర్ణయించుకొనవలెను. అద్దములోను, తెరలోను రెండింటిలోను కనబడు చోటు ఏదో బండి ఆగియున్నప్పుడే చూచుకొని స్థిరపరచుకొనుట మంచిది.

ట్రెయిలర్లది వేరు కథ. ప్రైమ్ మూవర్ అను ముందు బండి ఒక దిక్కుకు తిరిగినప్పుడు ట్రెయిలరు మరొక దిక్కున ఉండును. బండి అంతయు నిటారుగా ఉన్నదను ఊహతో కూర్చిన చిత్రము అప్పుడు తప్పగును. పోర్టులలో ఒకే ముందు బండికి రోజుకొక ట్రెయిలరు తగిలించుట కలదు. అట్టిచోట ట్రెయిలరుకు విడిగా వెనుక కెమెరా పెట్టి, దానిని పైచూపులో కలపకుండ విడి దృశ్యముగానే చూపుట నయము.

నెల్లూరు తీరములో పరిస్థితి

కోల్‌కతా, చెన్నైలను కలుపు 16వ నెంబరు జాతీయ రహదారి (పూర్వపు 5వ నెంబరు) తీరమునకు కొంత ఎడముగా కావలి, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడల మీదుగా సాగును. ముత్తుకూరు మండలములోని కృష్ణపట్నం ఓడరేవు 2008లో వాణిజ్య కార్యకలాపాలు ప్రారంభించినది. 2020లో దాని అధిక వాటా అదానీ పోర్ట్స్ సంస్థకు చేరినది. అదే మండలములో నేలటూరు వద్ద 800 మెగావాట్ల యూనిట్లు గల శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రము, పరిసరాలలో వంటనూనె శుద్ధి కర్మాగారాలు ఉన్నవి. బొగ్గు, బూడిద, నూనె, ఎరువులు మోయు బండ్లు, చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుక టిప్పర్లు, రొయ్యల చెరువుల నుండి ఐసు పెట్టెలతో వచ్చు లారీలు ఈ ప్రాంతపు రోడ్లపై కలియును. శ్రీహరికోటకు రాకెట్ భాగాలను మోయు బహుచక్ర ట్రెయిలర్లు సూళ్ళూరుపేట నుండి పులికాట్ సరస్సు మీదుగా వేసిన రోడ్డు వెంట వెళ్ళును. (2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో సూళ్ళూరుపేట ప్రాంతము తిరుపతి జిల్లాలో చేరినది. వాతావరణ రీత్యా అది ఈ తీరములోనిదే.)

కెమెరాకు ఇక్కడ శత్రువులు చాలా ఉన్నవి. మొదటిది ఉప్పుగాలి. కనెక్టరులోనికి చెమ్మ దూరినచో రాగి తీగకు పచ్చని చిలుము పట్టి, చిత్రము మొదట మినుకుమినుకుమని, కొంతకాలమునకు పూర్తిగా పోవును. రెండవది బొగ్గు, బూడిదల ధూళి. రాత్రి మంచు పడిన కటకముపై ఈ ధూళి పేస్టువలె అంటుకొనును. రొయ్యల లారీల నుండి కారు ఉప్పునీరు వెనుక కెమెరా తీగలకు చేయు హాని సముద్రపు గాలి కంటె ఎక్కువే అనవచ్చును. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు, తుఫానులు. చెరువు గట్ల రోడ్లలో ఇరువైపుల నుండి రాసుకొనిపోవు సర్కారు తుమ్మ కంప వలన పక్క కెమెరాల బ్రాకెట్లు వంగును. వంగిన బ్రాకెట్టు వలన చిత్రము ఆగిపోదు, తప్పు చోటును చూపుచుండును. అందువలన డ్రైవరుకు అనుమానము రాదు.

అమరిక

పని ప్రారంభించుటకు ముందు బండిని చదునైన, పైన కరెంటు తీగలు లేని చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, తాళముచెవి పనివాని జేబులో ఉంచుకొనవలెను. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పవలెను. కెమెరాల ఎత్తు మూడు మీటర్ల వరకు ఉండవచ్చును కనుక గట్టి నిచ్చెన వాడవలెనే గాని బంపరుపై, టైరుపై ఎక్కి పని చేయరాదు. టిప్పరు బాడీ ఎత్తి తీగలు లాగవలసి వచ్చినప్పుడు బాడీకి ఇనుప ఊత పెట్టకుండ దాని క్రిందికి ఎవరును పోరాదు. హైడ్రాలిక్ నూనె ఒత్తిడిని నమ్ముకొని క్రింద దూరుట ప్రాణాంతకము.

కెమెరాను వీలైనంత ఎత్తున, ఆ వైపు మధ్యగా బిగించవలెను. వంపు ఎంత ఉండవలెననగా, చిత్రపు అంచున బండి బాడీ సన్నని పట్టీగా కనబడవలెను. ఆ పట్టీ కనబడుచున్నంత కాలము కెమెరా తన చోటనే ఉన్నదని డ్రైవరు ఒక్క చూపులో తెలిసికొనగలడు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు, లాక్ నట్లు వాడవలెను. పక్క కెమెరాలు బయటికి పొడుచుకొని రాకుండ చూడవలెను. మన దేశములో వాహనపు వెడల్పు 2.6 మీటర్లు మించరాదను నిబంధన కలదు. ఛాసిస్ దూలమునకు తయారీదారు అనుమతి లేనిచోట రంధ్రము చేయరాదు, వెల్డింగు చేయరాదు.

తీగల విషయములోనే ఎక్కువ తప్పులు జరుగును. తీగలను గాలి బ్రేకు పైపులకు కట్టుట చాలాచోట్ల కనబడును. ఇది ఎంతమాత్రము తగదు, ఏలయనగా రాపిడికి బ్రేకు పైపు అరిగిపోవచ్చును. సైలెన్సరుకు, ప్రొపెల్లరు షాఫ్టుకు దూరముగా, ముడతల గొట్టములో తీగను పోనిచ్చి, దగ్గర దగ్గరగా క్లిప్పులు వేయవలెను. రేకులో చేసిన రంధ్రమునకు రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. క్యాబిన్ ముందుకు వాలు బండ్లలో కీలు వద్ద, టిప్పరులో బాడీ కీలు వద్ద తీగ సాగుటకు చాలినంత వదులు ఉంచవలెను. కనెక్టరుకు ముందు తీగను కొద్దిగా క్రిందికి వంచి పైకి తేవలెను, అట్లయినచో వాననీరు వంపు వద్దనే కారిపోవును. కనెక్టరులోపల విద్యున్నిరోధక గ్రీజు పూయుట ఈ తీరములో అదనపు ఖర్చు కాదు, అవసరము. ఇన్సులేషన్ టేపు చుట్టి సరిపుచ్చిన అతుకు ఒక వానాకాలము కూడా నిలువదు.

లారీలలో రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి 24 వోల్టులు పొందుదురు. కార్లకు ఉద్దేశించిన 12 వోల్టుల కిట్టును తెచ్చి, రెండింటిలో ఒక బ్యాటరీ నుండి మాత్రమే తీగ లాగుట ఒక చౌక ఉపాయము. దాని వలన ఒక బ్యాటరీ ఎక్కువగా వాడబడి, చార్జింగు సమతూకము తప్పి, రెండును త్వరగా చెడును. 24 వోల్టులకు తగిన కిట్టునే వాడి, ఇగ్నీషన్ లైను నుండి విడి ఫ్యూజు ద్వారా విద్యుత్తు ఇవ్వవలెను. రివర్స్ గేరు, ఇండికేటరు తీగల నుండి సంకేతము తీసికొన్నచో గేరు వేయగానే వెనుక దృశ్యము, ఇండికేటరు వేయగానే ఆ వైపు దృశ్యము తెరపైకి దానంతటదే వచ్చును.

తెర ముందు అద్దపు చూపునకు అడ్డు రాకూడదు. కనుమరుగు ప్రదేశమును చూపుటకు తెచ్చిన తెరయే కొత్త కనుమరుగు ప్రదేశమును సృష్టించుట విడ్డూరమే గాని అరుదు కాదు. ఎడమ అద్దమును చూచు చూపు దారిలో, డాష్‌బోర్డుపై తక్కువ ఎత్తున ఉంచిన తెర సౌకర్యము. ప్రయాణములో సినిమాలు రాని తెరయే మేలు.

క్యాలిబ్రేషన్ అను సరిచూపు పనిని చదునైన సిమెంటు నేలపై, టైర్లలో సరియైన గాలి ఉన్నప్పుడు, కిట్టుతో వచ్చు నలుపు తెలుపు గళ్ళ పట్టాలను కొలిచిన దూరములలో పరచి చేయుదురు. పని ఇంతటితో అయినదని బండి అప్పగించుట సర్వసాధారణము. ఇంకొక పరీక్ష మిగిలియున్నది. ఇంజను ఆపి, ఒకరు సీటులో కూర్చుండి తెర చూచుచుండగా, మరొకరు ఒక మీటరు ఎత్తున్న ప్లాస్టిక్ డ్రమ్మును బండి చుట్టూ అడుగడుగున జరుపవలెను. తెరపై డ్రమ్ము మాయమైన, విరిగిన, రెండుగా కనబడిన ప్రతి చోట నేలపై సుద్దతో గుర్తు పెట్టవలెను. ఆ గుర్తులను ఒక కాగితముపై గీసి క్యాబిన్‌లో అతికించినచో, ఆ బండిని కొత్తగా నడుపువానికి కూడా దాని లోపము తెలియును. బ్రాకెట్టుకు దెబ్బ తగిలినను, క్యాబిన్ మరమ్మతు జరిగినను, టైరు కొలత మారినను సరిచూపును, ఈ పరీక్షను మరల చేయవలెను.

వాడుక

బండి కదలుటకు ముందు డ్రైవరు దిగి ఒక చుట్టు తిరిగి చూచు పాత అలవాటును కెమెరా వచ్చినదని మానరాదు. ఆ చుట్టులోనే నాలుగు కటకములను శుభ్రము చేయవచ్చును. తెర వెలుగుచున్నంత మాత్రమున అందులోనిది ఇప్పటి దృశ్యమని అనుకొనరాదు. లోపము వలన చిత్రము నిలిచిపోయి పాత దృశ్యమే చూపుచుండవచ్చును. క్లీనరును ప్రతి వైపున ఒకసారి చేయి ఊపమని అడిగి, ఆ కదలికను తెరపై చూచిన తరువాతనే గేరు వేయవలెను.

వెనుకకు నడుపునప్పుడు గంటకు 5 కిలోమీటర్ల వేగము కూడా తక్కువ కాదు. సెకనుకు 1.4 మీటర్లు. ప్రమాదమును గుర్తించి బ్రేకుపై కాలు వేయుటకు సెకనున్నర పట్టినచో, అప్పటికే బండి 2 మీటర్లు జరుగును. దీనికి తోడు కెమెరా నుండి తెరకు చిత్రము చేరుటలో కొంత ఆలస్యము ఉండును. 0.2 సెకను ఆలస్యమున్న వ్యవస్థలో, గంటకు 10 కిలోమీటర్ల వేగముతో పోవు బండి తెరపై కనబడు స్థానము కంటె అరమీటరుకు పైగా ముందే ఉండును. కావున మనిషి నడక కంటె నెమ్మదిగా నడుపుచు, తెరను, అద్దములను మార్చి మార్చి చూడవలెను. సైగ చేయు మనిషి తెరలో గాని అద్దములో గాని కనబడనిచో వెంటనే ఆపవలెను. అతడు పక్కకు తప్పుకొనియుండునని ఊహించరాదు. కాటా వద్ద, గోదాముల వద్ద పట్ట విప్పు హమాలీలు బండికి ఆనుకొనియే పని చేయుదురు. అచ్చట అందరును ఎడముగా వచ్చి నిలిచినారని కంటితో చూచిన పిదపనే కదలవలెను.

రాత్రివేళ, ఎదుటి లైట్లు సూటిగా పడినప్పుడు, ఉదయమున సూర్యుడు సముద్రముపై తక్కువ ఎత్తున ఉన్నప్పుడు తూర్పు దిక్కు కెమెరా చిత్రము తెల్లబడును. రహదారి వేగములో పైచూపు చిత్రము వలన ప్రయోజనము లేదు, దృష్టి మరలించును కూడా.

సంరక్షణ

తీరప్రాంతములో కటకములను, బ్రాకెట్లను కనీసము వారమునకొకసారి మంచినీటితో కడుగవలెను. ముందు నీరు పోసి ధూళిని వదిలించి, తరువాత మెత్తని గుడ్డతో తుడువవలెను. పొడి గుడ్డతో రుద్దినచో ఇసుక కటకమును గీకును. డీజిలు గుడ్డ, తుప్పు వదిలించు యాసిడ్ వాడరాదు. సర్వీసు స్టేషనులో ఒత్తిడి నీటిని దగ్గర నుండి కనెక్టరుపై కొట్టనీయరాదు. బండిపై వెల్డింగు చేయించునప్పుడు బ్యాటరీతో బాటు కెమెరా పెట్టె కనెక్టరును కూడా విప్పవలెను. చిత్రము మినుకుమనుట మొదలైనప్పుడే కనెక్టరు విప్పి చిలుము చూచుకొన్నచో తీగ మార్చు ఖర్చు తప్పును. ఒక కెమెరా చెడినప్పుడు ఆ వైపు నల్లగా చూపు వ్యవస్థ, మిగిలిన దృశ్యాలతో ఖాళీని పూరించు వ్యవస్థ కంటె ఉత్తమము. కొనుటకు ముందు ఒక కెమెరా తీగ ఊడదీసి చూపమని అమ్మకందారును అడుగవచ్చును.

నిబంధనలు

లండన్ నగరములో 12 టన్నులకు మించిన లారీలకు డైరెక్ట్ విజన్ స్టాండర్డ్ అను నిబంధనను 2021 మార్చి 1 నుండి అమలు చేయుచున్నారు. డ్రైవరు క్యాబిన్ నుండి నేరుగా ఎంత చూడగలడను దానిని బట్టి లారీకి నక్షత్రములు ఇత్తురు. 2024 అక్టోబరు 28 నుండి మూడు నక్షత్రములకు తక్కువైన లారీలు కెమెరాలు, సెన్సార్లు, హెచ్చరికలతో కూడిన అదనపు రక్షణ వ్యవస్థను కలిగియుండవలెను. నేరు చూపునకు మొదటి స్థానము, కెమెరాకు రెండవ స్థానము ఇచ్చుట ఈ పద్ధతిలోని విశేషము.

భారతదేశములో కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల మంత్రిత్వ శాఖ 2025 మార్చిలో ఒక ముసాయిదా ప్రకటన వెలువరించినది. పెద్ద బస్సులు, మధ్యతరహా, భారీ లారీలకు అత్యవసర బ్రేకు, డ్రైవరు నిద్రమత్తు హెచ్చరికలతో బాటు, పక్కన ఉన్న సైకిలువారిని గుర్తించు బ్లైండ్ స్పాట్ సమాచార వ్యవస్థను (ఏఐఎస్-186), ఆగిన బండి బయలుదేరునప్పుడు ముందున్న మనుషులను గుర్తించు వ్యవస్థను (ఏఐఎస్-187) అందులో ప్రతిపాదించిరి. ఇవి మనిషిని గుర్తించి డ్రైవరును హెచ్చరించునవి, సరౌండ్ వ్యూ కేవలము చూపునది. ఒకటి ఉన్నచో రెండవది అక్కరలేదనుట సరికాదు. బయట కొని అమర్చు కెమెరా ఉన్నదని, నిబంధనల ప్రకారము ఉండవలసిన అద్దములను తొలగించుట చెల్లదు. మోటారు వాహనాల చట్టము 1988లోని 52వ సెక్షను వాహనపు మార్పులకు పరిమితులు విధించినది. కెమెరా బ్రాకెట్టు కొరకు బాడీ కొలతలు మార్చవలసి వచ్చినచో ముందుగా రవాణా శాఖ కార్యాలయములో విచారించుకొనవలెను.